పద్మిని కారుకి క్రోమ్ లాంటి పూత ఇంట్లోనే వేసుకోవచ్చా?

గోదారి పద్మిని, కాకినాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మినిని మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. ఇంజను, టింకరింగ్ అయిపోయాయి, పెయింట్ పూర్తి కావచ్చింది. ఇక మిగిలింది మెరిసే సామాను. హెడ్‌లైట్ రింగులు, డోర్ హ్యాండిళ్లు, అద్దం దించే హ్యాండిళ్లు, డాష్‌బోర్డు నాబ్‌ల చుట్టూ ఉండే సన్నటి రింగులు, బంపర్లు, పక్క బీడింగు (కారు పక్కన పొడుగ్గా ఉండే మెరిసే పట్టీ), అన్నీ విప్పి వరండాలో పాత చాప మీద పరిచాను. మా ఆవిడ రోజూ ఆ చాప వంక ఒకసారి, నా వంక ఒకసారి చూస్తోంది. ఇంకా ఏమీ అనలేదు.

అయస్కాంతం పెట్టి చూశాను. హెడ్‌లైట్ రింగులు, బంపర్లు, నాబ్ రింగులు ఇనుమే. డోర్ హ్యాండిళ్లకి అంటుకోలేదు. చేతిలో బరువుగా ఉన్నాయి, క్రోమ్ లేచిపోయిన చోట బూడిద రంగు, దాని మీద సూదితో పొడిచినట్టు గుంటలు. అద్దం హ్యాండిళ్లదీ అదే పరిస్థితి. బీడింగుకీ అంటుకోలేదు కానీ అది తేలిక.

ప్లేటింగ్ వాళ్లని అడిగి చూశాను. ఒక చోట బంపర్లు తీసుకుంటాం గానీ చిల్లర సామాను మాకొద్దన్నారు. ఇంకో చోట తీసుకుంటాం గానీ ట్యాంకులో జారిపోతే మా పూచీ లేదన్నారు. నాబ్ రింగు ఒకటి పోయిందంటే దాని జత మళ్లీ ఎక్కడ వెతకను?

అందుకని ఇంట్లోనే చేసుకుందామని ఆలోచన. అసలు క్రోమ్ జోలికి వెళ్లే ఉద్దేశం లేదు, దాంట్లో వాడే క్రోమిక్ యాసిడ్ ఎంత ప్రమాదమో చదివాను. కింద నికెల్ వేసి, పైన క్రోమ్ రంగు వచ్చే టిన్-కోబాల్ట్ పూత వేసే కిట్లు ఉన్నాయని తెలిసింది. నా దగ్గర 30 వోల్టులు, 10 ఆంపియర్లు ఇచ్చే పవర్ సప్లై ఉంది. ఒక వీడియోలో అయితే ఒకాయన వెనిగర్‌లో ఉప్పు కలిపి, స్టీలు గరిటె వేలాడదీసి, మొబైల్ చార్జర్‌తో "క్రోమ్" వేసి చూపించాడు. అది నమ్మొచ్చా? మా ఇల్లు సముద్రానికి దగ్గర, గేటు గొళ్లెం కూడా ఏడాదికోసారి మారుస్తాం. ఈ గాలికి ఆ పూత నిలుస్తుందా? గుంటలు పడ్డ హ్యాండిళ్ల మీద నికెల్ వేస్తే గుంటలు పూడతాయా? చేసినవాళ్లు చెప్పండి.

మెరుపు బాబాయ్, విజయవాడ

నేను కార్ డీటెయిలింగ్ చేస్తాను. ప్లేటింగ్ గోల ఎందుకండీ, స్ప్రే క్రోమ్ చేయించేయండి. ముందు నల్లటి గ్లాసీ పెయింట్ అద్దంలా వేస్తారు. దాని మీద టిన్ క్లోరైడ్ నీళ్లు, తర్వాత వెండి లవణం ద్రావణం, దాన్ని వెండిగా మార్చే ద్రావణం రెండూ ఒకేసారి జంట గన్‌తో కొడతారు. కళ్ల ముందే వెండి అద్దం ఏర్పడుతుంది. పైన క్లియర్ కోటు. ఇనుమా, జింకా, ప్లాస్టిక్కా అని చూసుకోనక్కర్లేదు, అన్నిటి మీదా పడుతుంది. గుంటలంటారా, పుట్టీతో పూడ్చేయొచ్చు.

డబ్బాల్లో దొరికే క్రోమ్ పెయింట్ మాత్రం కొనకండి. కొట్టిన రోజు బాగుంటుంది, మీద క్లియర్ కోటు వేస్తే బూడిద రంగుకి దిగిపోతుంది, వేయకపోతే వేలు తగిలిన చోటల్లా మచ్చ. క్రోమ్ స్టిక్కర్ ర్యాప్ కూడా బల్లపరుపు భాగాలకే. హెడ్‌లైట్ రింగు లాంటి వంపు మీద సాగదీస్తే అక్కడ మెరుపు చచ్చిపోతుంది.

బఫింగ్ మాస్టారు, బాలానగర్, హైదరాబాద్

నా వయసులో సగం బఫింగ్ మోటారు ముందు, మిగతా సగం నికెల్ ట్యాంకు ముందు గడిచింది. ఇప్పుడు షాపు అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను కుర్చీలో కూర్చుని తప్పులు పడుతుంటాను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

పైన బాబాయ్ గారు చెప్పిన స్ప్రే క్రోమ్ అబద్ధం కాదు. కానీ అది పెయింటు పని. దాని ఆయుష్షు మొత్తం పైన వేసిన క్లియర్ కోటుది. ఎండకి అది పసుపెక్కితే మీ వెండీ పసుపెక్కినట్టు కనిపిస్తుంది. రోజూ చెయ్యి పడే డోర్ హ్యాండిల్‌కి, ఉంగరం గీరుకునే చోటికి నేనైతే వేయించను. ప్లాస్టిక్ బొమ్మకో, ఎవరి చెయ్యీ తగలని లోగోకో సరే.

ముందు వెనిగర్ వీడియో సంగతి. నికెల్ రేకు రెండు వైపులా పెట్టి వెనిగర్‌లో చేస్తే కొంచెం నికెల్ పడుతుంది, బడి పిల్లల ప్రయోగంలా. కానీ స్టీలు గరిటెని యానోడ్‌గా, అంటే కరెంటు ప్లస్ వైపు కలిపే ముక్కగా, వేలాడదీయడం మాత్రం మానేయండి. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది. ఉప్పునీళ్లలో కరెంటు పెడితే అది కరిగి, మీరు దేనికి భయపడి క్రోమ్ వద్దనుకున్నారో ఆ హెక్సావలెంట్ క్రోమియమే తయారు కావచ్చు. బకెట్‌లో నీళ్లు పసుపుగా మారుతున్నా జనం వీడియో తీస్తూ కూర్చుంటారు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. నికెల్ లవణాలు కూడా ఆ వర్గంలోనే ఉన్నాయని మర్చిపోవద్దు. క్రోమ్ మానేశాం కదా అని నికెల్‌ని మజ్జిగలా చేత్తో కలపకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు క్రోమ్ అని చూసే మెరుపు క్రోమ్‌ది కాదు. అలంకారానికి వేసే క్రోమ్ పొర మందం మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పావు వంతు నుంచి సగం దాకా ఉంటుంది, అంతే. దాని కింద నికెల్ 10 నుంచి 30 మైక్రాన్లు. నికెల్ కింద మంచి షాపుల్లో రాగి. ఆ రాగి కింద బఫింగ్, అంటే గుడ్డ చక్రంతో తీసిన నునుపు. మెరుపంతా కింది పొరల కష్టం. పైన క్రోమ్ చేసే పని రెండే: నికెల్‌లో ఉండే పసుపు ఛాయని నీలి ఛాయగా మార్చడం, నికెల్ గాలికి మసకబారకుండా, తేలిగ్గా గీతలు పడకుండా కాపాడటం. 1920లలో క్రోమ్ బజారులోకి వచ్చే దాకా కార్లకి వట్టి నికెలే వేసేవాళ్లు. ప్రతి ఆదివారం తుడుచుకునేవాళ్లు.

టిన్-కోబాల్ట్ కూడా ఈ పై పొరకి బదులే. రంగు చాలా దగ్గరగా వస్తుంది. పక్కపక్కన పెడితే తప్ప మామూలు మనిషికి తేడా తెలియదు. ఇంకో మంచి గుణం, క్రోమ్ కంటే లోతుల్లోకి బాగా వెళుతుంది. క్రోమ్ బాత్ (ముక్కని ముంచి పూత వేసే ద్రావణం) మొండిది. దానికి డెసిమీటర్ చదరానికి, అంటే పది సెంటీమీటర్లు పొడవు పది వెడల్పు ఉన్న ముక్కకి, పది ఆంపియర్లు పైనే కావాలి, అందులోనూ ఎక్కువ భాగం హైడ్రోజన్ బుడగలకే పోతుంది. ఆ బుడగలే యాసిడ్ తుంపరని మన ముక్కు దాకా తెస్తాయి. టిన్-కోబాల్ట్‌కి ఆ బాధ లేదు. గట్టిదనంలో మాత్రం క్రోమ్‌లో సగం కూడా రాదు. అందుకే లోపలి సామానుకి పెట్టింది పేరు, బయటి సామానుకి అంత కాదు.

అందువల్ల మీ చాప మీది సామానుని నేనైతే ఇలా విడదీస్తాను. నాబ్ రింగులు, హెడ్‌లైట్ రింగులు ఇంట్లో చేసుకోండి. బంపర్లు షాపుకి పంపండి. లెక్క చెప్తాను చూడండి. నికెల్‌కి డెసిమీటర్ చదరానికి 2 నుంచి 5 ఆంపియర్లు పెడతాం. హెడ్‌లైట్ రింగు రెండు వైపులా కలిపి మూడు మూడున్నర డెసిమీటర్ చదరాలు ఉంటుందనుకుందాం. మీ 10 ఆంపియర్లలో 8 పెడితే చక్కగా సరిపోతుంది. డెసిమీటర్ చదరానికి 1 ఆంపియరు పెడితే గంటకి 12 మైక్రాన్లు పడుతుందని గుర్తు పెట్టుకోండి. రెండున్నర ఆంపియర్ల లెక్కన 40 నిమిషాల్లో 20 మైక్రాన్లు. బంపరుకి ఇదే లెక్క వేస్తే వంద ఆంపియర్లు దాటుతుంది, పైగా అది మునిగేంత ట్యాంకు నింపాలంటే నికెల్ సల్ఫేట్ బస్తాలు కొనాలి.

బీడింగు తేలిగ్గా ఉందంటే అల్యూమినియం కావచ్చు. వెనక వైపు కాస్టిక్ సోడా నీళ్లు ఒక చుక్క వేయండి, బుసబుసమంటే అల్యూమినియమే. దానికి ప్లేటింగ్ వద్దు, బఫింగ్ చేస్తే చాలు.

అన్నిటికంటే ముందు ఒక పని. ఏ ముక్కకి క్రోమ్ నిజంగా పోయిందో చూడండి. చాలాసార్లు క్రోమ్‌లోని సూది బెజ్జాల్లోంచి తుప్పు పైకి వచ్చి పరుచుకుంటుంది, కింద క్రోమ్ బాగానే ఉంటుంది. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ఉండగా చుట్టి, నీళ్లలో తడిపి రుద్దండి. సగం సామాను అక్కడే బాగుపడితే మీ డబ్బూ మిగులుతుంది, మీ ఆవిడ చాపా ఖాళీ అవుతుంది.

ఇక నికెల్ బాత్. షాపుల్లో అందరూ వాడేది వాట్స్ బాత్. పది లీటర్లకి నికెల్ సల్ఫేట్ రెండున్నర నుంచి మూడు కిలోలు, నికెల్ క్లోరైడ్ 450 గ్రాములు, బోరిక్ యాసిడ్ 400 గ్రాములు. వేడి 50–55 డిగ్రీలు, పీహెచ్ 4 దగ్గర. బోరిక్ యాసిడ్ చల్లటి నీళ్లలో కరగదు, వేడి నీళ్లలో కరిగించి పోయండి. బ్రైట్నర్ (మెరుపు తెచ్చే మందు) కిట్‌తో వస్తే అదే వాడండి. ఎక్కువ వేస్తే ఎక్కువ మెరుస్తుందనుకుని రెండు మూతలు అదనంగా పోస్తారు. అప్పుడు నికెల్ పెళుసుబారి వంపు దగ్గర పగులుతుంది. నీళ్లు మాత్రం బోరు నీళ్లు వద్దే వద్దు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చుకోండి.

వేడి చేయడానికి బకెట్‌లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్‌ని తిన్నగా బాత్‌లో ముంచొద్దు. షాక్ కొడుతుంది, రాడ్ మీదా నికెల్ పడుతుంది. పెద్ద టబ్బులో వేడి నీళ్లు పోసి అందులో మీ ప్లాస్టిక్ బకెట్ నిలబెట్టండి. ఆ బకెట్, గరిటె, కొలత గ్లాసు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. నికెల్ యానోడ్లకి గుడ్డ సంచీ తొడగండి, లేకపోతే దాన్నుంచి రాలే నలుసులు మీ రింగు మీద ఇసకలా అంటుకుంటాయి.

బఫింగ్ గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది. ఒక్కటి చెప్తాను. ప్లేటింగ్ గీతని దాచదు, ఇంకా బయటపెడుతుంది. 240 నంబరు గరుకు కాగితం గీతలు 400తో పూర్తిగా పోవాలి, 400 గీతలు 800తో పోవాలి, ఆ తర్వాతే గుడ్డ చక్రం. మధ్యలో ఒకటి ఎగ్గొడితే మెరిసే గీతలు వస్తాయి. బఫింగ్ సబ్బు జిడ్డు పూర్తిగా పోయిందో లేదో నీళ్లతో చూడండి. నీళ్లు ముక్క మీద పలచటి పొరగా పరుచుకుని నిలవాలి. చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టే, మళ్లీ వాషింగ్ సోడాతో కడగాలి. నికెల్ లేచిపోయిందని మా షాపుకి వచ్చే పది ఫిర్యాదుల్లో తొమ్మిదింటికి కారణం ఇక్కడే ఉంటుంది.

గోదారి పద్మిని

మాస్టారూ, దండం. ఇంత వివరంగా రాసినందుకు. ఫాయిల్ ఉండ తడిపి ఇప్పుడే వెనక బంపర్ మీద రుద్దాను, నమ్మలేకపోతున్నాను. ఎడమ సగం దాదాపు కొత్తదానిలా వచ్చింది. కుడి వైపు మాత్రం పొర లేచిపోయింది, అది షాపుకే. బీడింగు మీద కాస్టిక్ చుక్క వేస్తే మీరన్నట్టే బుసబుసమంది.

డోర్ హ్యాండిళ్ల గురించి మీరు ఏమీ చెప్పలేదు. నాకు అసలు టెన్షన్ వాటి గురించే. ఇంకొకటి, హెడ్‌లైట్ రింగుల మీద పాత క్రోమ్ అక్కడక్కడా ఉంది. దాని మీదే నికెల్ వేసేయొచ్చా?

మంచు గ్యారేజీ, మిషిగన్

గోదారి గారూ, నేను డెట్రాయిట్ పక్కన ఉంటాను, మాది భీమవరం. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పు విషయంలో మీ కాకినాడకి తీసిపోం. నా దగ్గర ఉన్నది 1967 మస్టాంగ్ కారు. దాని లోపలి సామానుకి మీరంటున్న నికెల్, దాని మీద టిన్-కోబాల్ట్ కిట్ వాడుతున్నాను. రేడియో నాబ్‌లు, హీటర్ మీటల చివర్లు, వెనక అద్దం కాడ.

మాస్టారు చెప్పిన గట్టిదనం తేడా వాడుకలో ఇలా తెలుస్తుంది. రోజూ తిప్పే రేడియో నాబ్ అంచు దగ్గర పై పొర అరిగి, కింద నికెల్ పసుపు ఛాయ బయటపడుతోంది. ఎవరూ ముట్టని అద్దం కాడ మాత్రం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. క్రోమ్ పాలిష్ అని అమ్మే పేస్టులు దీని మీద వాడకూడదు. అందులో రుద్దుడు పొడి ఉంటుంది, సగం మైక్రాన్ పొర ఎంతసేపు ఆగుతుంది? మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు, తర్వాత కార్ వ్యాక్స్. అంతే.

పని చేసేటప్పుడు గమనించాల్సింది, నికెల్ బాత్‌లోంచి తీశాక ముక్క ఆరకూడదు. నికెల్ గాలి తగిలిన కాసేపటికే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. దాని మీద టిన్-కోబాల్ట్ వేస్తే పడినట్టే పడి గోటితో గీరితే వచ్చేస్తుంది. కడిగి, తడి తడిగానే పలచటి యాసిడ్‌లో ముంచి, మళ్లీ కడిగి, వెంటనే పై బాత్‌లోకి. అందుకే బకెట్లన్నీ వరసగా పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి మొదలుపెడతాను. పై పొర నిమిషాల పనే. ఎక్కువసేపు ఉంచితే మందం పెరిగి మెరుపు తగ్గి పొగచూరినట్టు అవుతుంది. యానోడ్ విషయంలో కిట్‌తో ఏది ఇస్తే అదే. టిన్-కోబాల్ట్ బాత్‌లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి, వేరేవాళ్ల చిట్కా మన బాత్‌కి పనికిరాదు.

అసలు క్రోమ్ మీద ఇక్కడ కూడా రోజురోజుకీ పట్టు బిగుస్తోంది. కాలిఫోర్నియా 2023లో నిబంధన తెచ్చింది, అలంకారానికి వేసే హెక్సావలెంట్ క్రోమ్‌ని 2027 నుంచి వదిలించుకునేలా. ఐరోపాలో 2017 నుంచే ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమిక్ యాసిడ్ వాడటానికి లేదు. పెద్ద షాపులు ట్రైవాలెంట్ క్రోమ్‌కి మారుతున్నాయి. అది నిజమైన క్రోమే, హెక్సావలెంట్ అంత విషం కాదు, రంగు ఒక పిసరు నల్లగా ఉంటుంది. మీ బంపర్లు షాపుకి ఇచ్చేటప్పుడు ఏది వేస్తారో అడగండి. ముందు బంపరుకి ఒకటి, వెనకదానికి ఇంకొకటి వేశారంటే ఎండలో తేడా కొడుతుంది.

బఫింగ్ మాస్టారు

మిషిగన్ తమ్ముడు తడి తడిగా మార్చాలన్న మాట బంగారం. మా షాపులో టీ తాగడానికి వెళ్లేవాడు ముక్కని నీళ్లలో ముంచి వెళ్లినా ఒప్పుకోను, పై పొర వేశాకే వెళ్లాలి.

డోర్ హ్యాండిళ్ల గురించి కావాలనే ఆపాను, విడిగా చెప్పాల్సిన సంగతి. అవి జింక్ డై కాస్టింగులు, అంటే కరిగించిన జింక్‌ని అచ్చులో పోసి చేసినవి, మా బజారులో మజాక్ అంటాం. ఇంట్లో ముట్టుకోకండి. జింక్‌కి యాసిడ్ అంటే పడదు. మీ నికెల్ బాత్ కూడా పుల్లటిదే కదా. ముక్క అందులోకి దిగగానే జింక్ కరగడం మొదలవుతుంది, నల్లటి పొర పడుతుంది, దాని మీద నికెల్ పొక్కులు పొక్కులుగా లేస్తుంది. కరిగిన జింక్ బాత్‌ని కూడా పాడు చేస్తుంది, ఆ తర్వాత మంచి ఇనప రింగు వేసినా నల్ల చారలు వస్తాయి. షాపుల్లో దీనికి ముందుగా సైనైడ్ రాగి పొర వేస్తారు. ఆ మాట విన్నాక ఇంట్లో చేద్దామా అని మీరే అడగరు. సైనైడ్ లేని క్షార రాగి బాత్‌లు ఉన్నాయి, కానీ జింక్ మీద వాటిని సరిగ్గా నడపడం మాకే ఓపికతో కూడిన పని.

గుంటల సంగతీ అంతే. నికెల్ గుంటని పూడ్చదు. కరెంటు అంచులకి, ఎత్తులకి ఎక్కువ వెళుతుంది, గుంట అడుగుకి తక్కువ. అంటే వేసేకొద్దీ గుంట ఇంకా లోతుగా కనిపిస్తుంది. మజాక్ గుంటల్ని శుభ్రంగా తొలిచి, రాగి పొర వేసి, గుంటని టంకంతో నింపి, సాపు చేసి, మళ్లీ రాగి మందంగా వేసి బఫ్ చేయాలి. ఆ తర్వాతే నికెల్. ఒక్కో హ్యాండిల్‌కి పట్టే కూలీ చూస్తే, పాత కార్ల సామాను అమ్మేవాళ్ల దగ్గర బాగున్న జత దొరుకుతుందేమో ముందు వెతకమంటాను. గుంటలు జాస్తిగా ఉంటే మజాక్ లోపల కూడా పొడిబారి ఉంటుంది, బఫ్ చక్రం పట్టగానే విరుగుతుంది.

పాత క్రోమ్ మీద నికెల్ వేయకూడదు, అంటదు. ఇనప రింగు కాబట్టి క్రోమ్‌ని పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో తీయొచ్చు. బుడగలు వచ్చి, ద్రావణం ఆకుపచ్చగా మారి, కింద నికెల్ పసుపు ఛాయలో కనిపిస్తుంది. బుడగలు ఆగగానే తీసేయండి, లేకపోతే ఇనుము తినడం మొదలుపెడుతుంది. ఆరుబయట చేయండి. ఆ ఆవిరి పక్కనున్న మీ స్పానర్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది, మీ ఊపిరితిత్తుల సంగతి వేరే చెప్పాలా. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కాస్టిక్‌లో కరెంటు తిరగేసి క్రోమ్ తీసే పద్ధతి ఎవరైనా చెప్తే వద్దనండి. అది శుభ్రంగానే తీస్తుంది గానీ ఆ నీళ్లలో మళ్లీ హెక్సావలెంటే తయారవుతుంది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత యాసిడ్ అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు అడిగి పుస్తకంలో రాసుకోవాలి. కార్డు తీసుకెళ్లండి.

క్రోమ్ తీశాక కింద పాత నికెల్ గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని తీయనక్కర్లేదు. బఫ్ చేసి, కడిగి, ముందు వుడ్స్ స్ట్రైక్ అనే బాత్‌లో రెండు నిమిషాలు వేయాలి. నికెల్ క్లోరైడ్ లీటరుకి 240 గ్రాములు, అందులో హైడ్రోక్లోరిక్ యాసిడ్. పాత నికెల్ మీద కొత్త నికెల్ అంటుకునేలా చేసేది అదే. తర్వాత వాట్స్ బాత్.

ఇక మీ సముద్రపు గాలి. హెడ్‌లైట్ రింగు బయటి సామాను, 10 మైక్రాన్లతో సరిపెడితే వచ్చే వానాకాలానికే ఎర్ర చుక్కలు వస్తాయి. 25–30 మైక్రాన్లు వేయండి. షాపుల్లో దాన్ని రెండు రకాల నికెల్‌గా వేస్తాం. కింద గంధకం లేని సెమీ బ్రైట్, పైన బ్రైట్. తుప్పు పై పొరని తింటూ పక్కలకి పాకుతుంది గానీ కిందికి దిగదు. ఇంట్లో రెండు బాత్‌లు పెట్టుకోవడం కష్టమనిపిస్తే మందం పెంచండి, వ్యాక్స్ మానకండి. అంచులు కాలినట్టు గరుకుగా వస్తే రింగు చుట్టూ రాగి తీగ ఒకటి కట్టి అదే కరెంటు ఇవ్వండి, అదనపు నికెల్‌ని ఆ తీగ లాక్కుంటుంది.

ఎవరూ అడగరు గానీ అసలు అడగాల్సింది, పని అయ్యాక ఆ పచ్చ నీళ్లు ఎక్కడ పోస్తారని. మురుగు కాలవలో కాదు, కొబ్బరి చెట్టు మొదట్లో అంతకన్నా కాదు. మా పరిశ్రమ కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో రెడ్ కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసేవాటి జాబితా. బయటికి వదిలే నీళ్లలో నికెల్ లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బాత్‌లో లీటరుకి యాభై గ్రాములకి పైనే నికెల్ ఉంటుంది, లెక్క మీరే వేసుకోండి. బాత్ పాడు కానంత కాలం మూత పెట్టి దాచి వాడుకోవచ్చు, ఏళ్లు పనిచేస్తుంది. కడిగిన నీళ్లు ఒక డ్రమ్ములో పోగు చేసి, కాస్టిక్ సోడా నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ 9 దాటించండి. నికెల్ పచ్చటి బురదగా అడుగుకి దిగుతుంది. క్రోమ్ తీసిన యాసిడ్‌నీ విడి డ్రమ్ములో అలాగే చేయండి, దానికి 8 దాటితే చాలు. పై నీళ్లు కూడా ఊరికే పారబోయకుండా బురదతో పాటు మీ బంపర్లు చేసే షాపు వాళ్లకి ఇవ్వండి. లైసెన్సు ఉన్న షాపుకి శుద్ధి ట్యాంకు ఉంటుంది, బురద మా వైపు దుండిగల్‌లో, మీ వైపు పరవాడలో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళుతుంది. బంపర్లు ఇచ్చేటప్పుడే ఈ మాట అడిగి ఒప్పుకున్నాకే నికెల్ సల్ఫేట్ కొనండి. ఒప్పుకోకపోతే ఇంట్లో పని పెట్టుకోకండి.

గోదారి పద్మిని

అర్థమైంది మాస్టారూ. నాబ్ రింగులు, హెడ్‌లైట్ రింగులు మాత్రమే ఇంట్లో. బంపర్లు షాపుకి, బురద మాట ముందే మాట్లాడుకుని. బీడింగు బఫింగ్. హ్యాండిళ్లకి బాగున్న జత కోసం రాజమండ్రిలో తెలిసినవాళ్లని అడుగుతున్నాను, ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఎడమ వైపు వెనకది అయితే ఒక్కటైనా చాలు.

మిషిగన్ అన్నా, మీ అద్దం కాడ ఫోటో పెట్టగలరా? పగటి వెలుతురులో, పక్కన నిజమైన క్రోమ్ ఏదైనా పెట్టి.

మంచు గ్యారేజీ, మిషిగన్

ఇక్కడ ఇప్పుడు అర్ధరాత్రి. పొద్దున తీసి పెడతాను. మాస్టారు బురద గురించి రాశారు కాబట్టి ఒక్క మాట. మా కౌంటీలో ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజులు ఉంటాయి, అక్కడ ఇస్తాను. డబ్బా మీద లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాయాలి. మీరూ మీ డ్రమ్ముల మీద తెలుగులో "నికెల్, విషం" అని పెయింటుతో రాసి పెట్టండి. చేతులకి నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. నాకు తెలిసిన ఒకాయనకి నికెల్ దురద పట్టుకుంది. ఇప్పుడు బెల్టు బకిల్ తగిలినా పొట్ట మీద దద్దుర్లు వస్తున్నాయి.

బఫింగ్ మాస్టారు

హ్యాండిల్ గురించి మా అబ్బాయి పాత సామాను రాక్ చూస్తానన్నాడు. మీదాని వెనక వైపు బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచి రాయండి. కొలత లేకుండా తెప్పించుకుంటే రంధ్రాలు సరిపోక మళ్లీ తిప్పి పంపాల్సొస్తుంది.